చట్టం రోగి పేరిట, లైసెన్సు కంపెనీ చేతికి

2016 నవంబరులో అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఓటేసిన ప్రతి వంద మందిలో 71 మంది గంజాయిని మందుగా వాడుకోవడానికి సరేనన్నారు. ఆ మాట ఏకంగా రాష్ట్ర రాజ్యాంగంలోకే ఎక్కింది. మరుసటి ఏడాది వేసవిలో శాసనసభ దాని అమలుకు చట్టం తెస్తూ ఒక మెలిక పెట్టింది. నూనెగా వాడుకోవచ్చు, మాత్రగా మింగొచ్చు, ఆవిరిగా పీల్చొచ్చు. చుట్టి కాల్చడానికి మాత్రం వీల్లేదు.

క్యాథీ జోర్డన్‌కు కావలసింది సరిగ్గా ఆ కాల్చడమే. ఆమెకు 1986లో ఏఎల్ఎస్ అని తేలింది. కండరాలు ఒక్కొక్కటిగా చచ్చుబడిపోయే ఈ జబ్బే స్టీఫెన్ హాకింగ్‌నూ కుర్చీకి కట్టేసింది. మూడేళ్లో ఐదేళ్లో బతుకుతావని డాక్టర్లు చెప్పిన మనిషి దశాబ్దాలు బతికింది. పొగ పీలిస్తే నోట్లో ఊరే లాలాజలం తగ్గుతుందని, కండరాలు వదులవుతాయని, ఆకలి పుడుతుందని ఆమె చెప్పేది. 2013లో ఫ్లోరిడా సభలో పెట్టిన వైద్య గంజాయి బిల్లుకు ఆమె పేరే పెట్టారు. అదే ఏడాది పోలీసులు ఆమె ఇంటికొచ్చి 23 గంజాయి మొక్కలు పీక్కుపోయారు. బిల్లు చర్చకు రాకుండానే పోయింది. వైద్య అవసరం ఉందని గ్రహించిన ప్రాసిక్యూటరు కేసు పెట్టలేదు. అంతవరకు నయం.

2017 చట్టం మీద కోర్టుకెక్కిన వాళ్లలో ఆమె ఒకరు. కాల్చకూడదన్న నిషేధం రాజ్యాంగానికి విరుద్ధమని 2018 మేలో జడ్జి కరెన్ గీవర్స్ తీర్పిచ్చారు. రాష్ట్రం అప్పీలుకు వెళ్లింది. కొత్త గవర్నర్ రాన్ డిశాంటిస్ వచ్చాక ఆ పట్టు వదిలి, 2019 మార్చి 18న సవరణ చట్టంపై సంతకం చేశారు. ఆ వారంలోనే ట్రూలీవ్ అనే కంపెనీ టల్లహాసీ దుకాణంలో కాల్చుకునే గంజాయి అమ్మకం మొదలుపెట్టింది. కేసు గెలిచింది రోగి, మొదటి బిల్లు కొట్టింది కంపెనీ.

ఇందులో నేరమేమీ లేదు. కంపెనీకి లైసెన్సు ఉంది, రోగికి సరుకు కావాలి. అసలు సంగతి ఆ లైసెన్సు ఎవరికి దక్కుతుందన్న దగ్గర ఉంది. ఫ్లోరిడా 2014లోనే మూర్ఛ పిల్లల కోసమంటూ మత్తు తక్కువగా ఉండే నూనెకు అనుమతి ఇచ్చింది. సభ్యుల మనసు కరిగించింది ఆ పిల్లల తల్లిదండ్రుల గోడు. చట్టంలో పడిన షరతులు మాత్రం వేరే ఎవరినో చూసి రాసినట్టుంటాయి: దరఖాస్తు చేసే నర్సరీ 30 ఏళ్లుగా ఆగకుండా నడుస్తూ ఉండాలి, 4 లక్షల మొక్కలు పెంచే అనుమతి ఉండాలి. మొదట ఇచ్చేది ఐదు లైసెన్సులే. పండించేదీ, నూనె తీసేదీ, అమ్మేదీ ఒకే సంస్థ కావాలన్న నిబంధన తరవాతి చట్టంలోనూ కొనసాగింది. రాష్ట్ర సుప్రీంకోర్టు 2021లో దాన్ని సమర్థించింది కూడా. అంత పెట్టుబడి పెట్టగలిగేది ఎవరో చెప్పనక్కర్లేదు. ఈ రాష్ట్రంలో ఇప్పుడు వైద్య గంజాయి కార్డున్న రోగులు 8 లక్షలకు పైమాటే. మామూలు ఆరోగ్య బీమా ఈ మందుకు డబ్బు కట్టదు. కార్డు ఫీజు, డాక్టరు ఫీజు, సరుకు ధర అన్నీ జేబులోంచే.

పెరట్లో నాలుగు మొక్కలు పెంచుకుంటే పోయేదానికి ఇదంతా ఎందుకు? టాంపా వ్యాపారి జో రెడ్నర్ ఇదే అడిగాడు. ఊపిరితిత్తుల క్యాన్సర్ నుంచి బయటపడ్డ ఆయన పచ్చి మొక్కను రసం తీసుకుని తాగాలి. అది ఏ దుకాణంలోనూ దొరకదు. 2018లో అదే జడ్జి గీవర్స్ ఆయన ఒక్కడికి పెంచుకునే హక్కు ఇచ్చారు. మరుసటి ఏడాది అప్పీలు కోర్టు దాన్ని కొట్టేసింది. రెడ్నర్‌కూ లైసెన్సు కోరే ఒక కంపెనీలో వాటా ఉండేది. రోగి ఒక గట్టున, వ్యాపారి మరో గట్టున అని గీత గీయడం ఇలాంటి చోటే కష్టమవుతుంది.

2024లో మందుగానే కాదు, పెద్దలెవరైనా సరదాకూ కొనుక్కోవచ్చన్న సవరణను ఓటుకు పెట్టారు. ప్రచారానికి ట్రూలీవ్ ఒక్కటే 14 కోట్ల డాలర్లకు పైగా పోసింది. ఇంట్లో పెంచుకునే హక్కు మాత్రం ఆ సవరణలో లేదు. ఇది కంపెనీల గుత్తాధిపత్యం కోసమేనని ఎదుటిపక్షం దుమ్మెత్తిపోసింది. ఆ పక్షానికి 1.2 కోట్ల డాలర్లిచ్చింది హెడ్జ్ ఫండ్ కుబేరుడు కెన్ గ్రిఫిన్. సవరణకు దాదాపు 56 శాతం ఓట్లు వచ్చాయి, 60 కావాలి కాబట్టి వీగిపోయింది.

ఇంట్లో పెంచకూడదన్న కంపెనీల వాదనలో పస లేదనలేం. ఇంటి మొక్కకు బూజు పట్టొచ్చు, పురుగుమందు అంటొచ్చు. రోగనిరోధక శక్తి తగ్గిన క్యాన్సర్ రోగికి అది ప్రాణం మీదికి తెస్తుంది. ల్యాబ్ పరీక్ష అక్కర్లేదని ఏ డాక్టరూ అనడు. కానీ పెంచుకున్నది పరీక్ష చేయించుకునే దారి చూపించడం ఒకటి, పెంచుకోవడాన్నే నేరం చేయడం మరొకటి. ఈ రెంటికీ తేడా చెరిపేసినప్పుడే అనుమానం వస్తుంది.

డబ్బు పడిన ప్రతిచోటా రోగి ఓడిపోయాడని కూడా కాదు. ఈ చట్టాలన్నిటికీ దారి తీసిన కాలిఫోర్నియా 215వ ప్రతిపాదన సంగతే చూడండి. దాని వెనుక డెన్నిస్ పెరోన్ ఉన్నాడు. ఆయన సహచరుడు జొనాథన్ వెస్ట్ 1990లో ఎయిడ్స్‌తో చనిపోయాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఎయిడ్స్ రోగుల కోసం పెరోన్ గంజాయి క్లబ్బు నడిపాడు. జార్జ్ సోరోస్, పీటర్ లూయిస్ వంటి ధనవంతులు ప్రచారానికి డబ్బిచ్చారు. 1996లో 55.6 శాతం ఓట్లతో అది గెలిచింది. రోగీ, అతణ్ని చూసుకునేవాళ్లూ స్వయంగా పెంచుకోవచ్చని అందులో రాసి ఉంది. డబ్బిచ్చిన వాళ్లకు అక్కడ దుకాణం పెట్టే ఆలోచన లేకపోవడం చిన్న విషయమేమీ కాదు.

జార్జియాది మరో కథ. హేలీ కాక్స్ అనే మూర్ఛ పాప పేరుతో 2015లో అక్కడ చట్టం వచ్చింది. నూనె దగ్గర పెట్టుకోవడం నేరం కాదంది. దాన్ని రాష్ట్రంలో ఎక్కడ కొనాలో మాత్రం చెప్పలేదు. పక్క రాష్ట్రం నుంచి తెస్తే కేంద్ర చట్టం కింద నేరం. 2019లో లైసెన్సుల చట్టం చేశారు. తరవాత లైసెన్సులు ఎవరికన్న గొడవలు. చివరికి 2023 ఏప్రిల్‌లో మొదటి దుకాణాలు తెరుచుకున్నాయి. పాప పేరు పెట్టి ఎనిమిదేళ్లు తిప్పడాన్ని దయ అనాలో మరేమనాలో!

అరిజోనాలో అయితే మందుల కంపెనీయే నేరుగా రంగంలోకి దిగింది. గంజాయిని పెద్దలందరికీ చట్టబద్ధం చేయాలన్న 2016 నాటి ప్రతిపాదనను ఓడించడానికి ఇన్సిస్ థెరప్యూటిక్స్ 5 లక్షల డాలర్లిచ్చింది. పిల్లల క్షేమం కోసమని చెప్పుకుంది. అదే కంపెనీ చేతిలో అప్పటికే గంజాయిలోని మత్తు పదార్థానికి కృత్రిమ రూపమైన సిండ్రోస్ అనే మందు అమ్మకానికి సిద్ధమవుతోంది. ప్రతిపాదన స్వల్ప తేడాతో ఓడిపోయింది. అమృత్‌సర్‌లో పుట్టిన ఆ కంపెనీ స్థాపకుడు జాన్ కపూర్, తమ ఫెంటనిల్ స్ప్రే రాయమని డాక్టర్లకు లంచాలిచ్చిన కేసులో 2020లో ఐదున్నరేళ్ల జైలుశిక్ష పడ్డవాడు.

మన తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్న న్యూజెర్సీలో వైద్య గంజాయి చట్టం 2010 జనవరిలో వచ్చింది. 2022 నుంచి పెద్దలెవరైనా దుకాణంలో కొనుక్కుంటున్నారు. ఇంట్లో వైన్ చేసుకున్నా తప్పులేదు గానీ, కార్డున్న రోగి కుండీలో ఒక్క గంజాయి మొక్క పెంచినా నేరమే. పెంచుకోనివ్వాలన్న బిల్లులు ఏటా వస్తూనే ఉన్నాయి, ఆగిపోతూనే ఉన్నాయి.

పౌరసత్వం లేని రోగులకు మరో చిక్కు ఉంది. రాష్ట్రం ఒప్పుకున్నా కేంద్ర చట్టం ప్రకారం గంజాయి వాడకం పౌరసత్వ దరఖాస్తుకు అడ్డు రావచ్చని అమెరికా వలస విభాగం 2019 ఏప్రిల్‌లోనే స్పష్టం చేసింది. అమెరికాలో వీసా మీదో గ్రీన్ కార్డు మీదో ఉన్న మనవాళ్లెవరికైనా డాక్టరు ఈ మందు రాస్తానంటే, దుకాణానికి వెళ్లకముందే ఇమ్మిగ్రేషన్ లాయరుతో ఒకసారి మాట్లాడమని చెప్పండి.