లైట్లు కొడితే రమ్మనా, ఆగమనా?

హైదరాబాద్‌లో కారు నడిపి బ్రిటన్ వచ్చినవాళ్లకు ఎడమవైపు నడపడం కొత్త కాదు. తడబాటంతా సందులోంచి మెయిన్ రోడ్డు ఎక్కేచోటే. నేనొచ్చిన మొదటి నెలలో ఒక సాయంత్రం మా వీధి చివర కుడికి తిరగాలని ఆగి ఉన్నాను. మెయిన్ రోడ్డు మీద వస్తున్న కారతను వేగం తగ్గించి రెండుసార్లు లైట్లు కొట్టాడు. మన దగ్గర డిప్పర్ కొట్టారంటే “నేనొస్తున్నా, నువ్వాగు” అని. నేను కదల్లేదు. అతనూ కదల్లేదు. అతని వెనక కార్లు బారులు తీరాయి. చివరికి చెయ్యి ఊపి రమ్మన్నాడు.

ఇక్కడి వాడుకలో ఆ లైట్లకు అర్థం “ముందు నువ్వెళ్లు” అని. 1931లో తొలిసారి వెలువడిన ఇక్కడి రోడ్డు నియమాల పుస్తకం, హైవే కోడ్ మాత్రం ఈ వాడుకను ఒప్పుకోదు. “నేనిక్కడున్నాను” అని తెలపడానికే లైట్లు కొట్టాలంటుంది 110వ నియమం. ఎవరైనా కొడితే అది మనల్ని రమ్మనడమేనని అనుకోవద్దు, మన నిర్ణయం మనమే తీసుకోవాలంటుంది 111వది.

ఆ హెచ్చరిక ఊరికే పెట్టలేదు. మనకు దారి ఇచ్చినవాడు తన కారును ఆపగలడు కానీ పక్కనుంచి వచ్చేవాళ్లను ఆపలేడు. ఆగిన కార్ల వరసకు బయటివైపు నుంచి మోటారు సైకిళ్లు ముందుకు సాగిపోతుంటాయి. అది ఇక్కడ చట్టవిరుద్ధం కాదు. లోపలివైపు, అంటే మన బానెట్ ముందు నుంచే, సైకిళ్లు వస్తాయి. ముందొక వ్యాన్ ఆగి ఉంటే ఆ రెండూ మనకు కనబడవు. గంటకు 30 మైళ్లంటే సెకనుకు 13 మీటర్ల పైమాటే. అందుకే పిలిచినా పరుగున వెళ్లకూడదు. బానెట్ కొస బయటపెట్టి, ఆగి, ముందుకు వంగి చూసి, మళ్లీ అంగుళం అంగుళంగా కదలాలి. అద్దం పక్కనున్న స్తంభం ఒక బైకును పూర్తిగా దాచేయగలదు. తల కదిపి చూస్తేనే అది కనిపిస్తుంది. వెనకవాడు హారన్ కొట్టినా సరే, మన చూపు పూర్తవ్వాలి.

సందు మొదట్లో రోడ్డు దాటడానికి నిలబడ్డ మనిషికి మనమే దారివ్వాలి. 2022 జనవరి నుంచి హైవే కోడ్ ఈ మాట స్పష్టంగా చెబుతోంది.

మనం మెయిన్ రోడ్డు మీద ఉన్నప్పుడు, ట్రాఫిక్ నత్తనడక నడుస్తుంటే సందు మొగను మూసేయకుండా ఆగడం మర్యాద. ఒక కారును రానిస్తే చాలు. కానీ బండ్లు వేగంగా పోతున్నచోట మంచితనం కొద్దీ హఠాత్తుగా బ్రేకు వేయడం ప్రమాదం, వెనకవాడు దాన్ని ఊహించడు. దారి ఇచ్చినవాళ్లకు చెయ్యెత్తి కృతజ్ఞత చెప్పడం ఇక్కడి మంచి అలవాటు. మన పిల్లలు దాన్ని చూసే నేర్చుకుంటున్నారు.

భారత్ లైసెన్సుతో ఇక్కడ స్థిరపడిన నాటి నుంచి 12 నెలలు కారు నడపవచ్చు, పరీక్ష అక్కర్లేదు. అంటే ఈ సంగతులేవీ అలా నడిపేవాళ్లకు ఎవరూ నేర్పరు. ఈ ఏడు మీ ఇంటికి తమ్ముడో మరదలో కొత్తగా వచ్చి ఉంటే, తాళం చెవి ఇచ్చేముందు పక్కన కూర్చుని ఒక సాయంత్రం జంక్షన్లన్నీ తిప్పి చూపించండి.