ఇంటికావలి కెమేరాకు తగిన లెన్సు

నేడు మన పట్టణములలో పెక్కు ఇండ్ల వసారాలయందు కావలి కెమేరా ఒకటి కనిపించుచున్నది. అది రేయింబవళ్లు వీధిగుమ్మమును కనిపెట్టుకొని యుండునను ధైర్యముతో గృహస్థులు నిద్రించుచున్నారు. అయితే చూచుట వేరు, గుర్తుపట్టుట వేరు. ఈ భేదము మాకు మా యింటనే తెలిసివచ్చినది.

ఒకనాటి తెల్లవారుజామున మా గేటు లోపలనున్న సైకిలు మాయమైనది. కెమేరా తీసిన బొమ్మలో మనిషి ఉన్నాడు, ముఖము లేదు. ఎత్తును బట్టి, నడకను బట్టి పాలు పోయు కుర్రవాడే యని ఇంటిలో కొందరనిరి. రెండు దినములు ఆ కుర్రవాడు మా గడపవద్ద తలవంచుకొని నిలిచెను. మూడవనాడు సైకిలు దొరికినది, తీసినవాడు వేరొకడు. మసకబొమ్మ దొంగను చూపకపోగా, నిర్దోషిపై నింద మోపుటకు తోడ్పడినందుకు మేము మిక్కిలి సిగ్గుపడితిమి.

లోపమెక్కడ? కెమేరాలో కాదు, లెన్సు ఎన్నికలో. దూరపు వస్తువుల బొమ్మ లెన్సునకు వెనుక ఎంత దూరమున స్పష్టముగా ఏర్పడునో దానిని నాభ్యంతరమందురు. నాభ్యంతరము తగ్గినకొలది చూపు విశాలమగును, వస్తువులు చిన్నవగును. పెరిగినకొలది చూపు ఇరుకగును, వస్తువులు పెద్దవగును. ఇంటి కెమేరాలు పెక్కు 2.8, 3.6 లేక 4 మిల్లీమీటర్ల లెన్సులతో వచ్చును. ఇవి గదికి చాలును. దూరపు గేటునకు చాలవు.

లెక్క సులభము. బొమ్మను గ్రహించు సెన్సారు వెడల్పును దూరముచే గుణించి, నాభ్యంతరముచే భాగింపవలెను. మా సెన్సారు వెడల్పు 4.8 మిల్లీమీటర్లు, గేటు దూరము 12 మీటర్లు. 2.8 మిల్లీమీటర్ల లెన్సుతో అచ్చట 20 మీటర్లకు పైగా వెడల్పు కనబడును. మా గేటు వెడల్పు 3 మీటర్లే! బొమ్మలో అడ్డముగా నున్న 1920 చుక్కలు ఆ వెడల్పునంతటికి పంచబడగా, మీటరునకు 93, మనుష్యుని ముఖమునకు సుమారు 15 మాత్రమే దక్కును. అపరిచితుని గుర్తించుటకు మీటరునకు 250, తెలిసినవానిని పోల్చుకొనుటకు 125 చుక్కలుండవలెనని 2014లో వెలువడిన అంతర్జాతీయ ప్రమాణము చెప్పినది. 6 మిల్లీమీటర్ల లెన్సు 200 చుక్కల నిచ్చును. 8 మిల్లీమీటర్లది 7.2 మీటర్ల వెడల్పునే చూపి 267 చుక్కల నిచ్చును. మేము రెండవదానినే ఎన్నుకొంటిమి.

కొనుటకు ముందు కొన్ని సంగతులు గమనింపవలెను. చిన్న కెమేరాలలో పెక్కింటికి 12 మిల్లీమీటర్ల వ్యాసముగల మరలెన్సు పట్టును. మీ కెమేరా లెన్సు విప్పుటకు వీలైనదో కాదో ముందుగా విచారింపుడు. రాత్రివేళ కంటికి కనబడని పరారుణ కాంతితో చూచు కెమేరాయైనచో, ఆ కాంతిని అడ్డు వడపోత అతికియున్న లెన్సు పనికిరాదు. ఎఫ్ సంఖ్య తక్కువైన లెన్సు ఎక్కువ వెలుతురును లోనికి రానిచ్చును. చీకటిలో ఇది ముఖ్యము. మూత విప్పినచో వానతడి జొరబడకుండ రబ్బరు చుట్టును మరల సరిగా అమర్చవలెను. పూచీకాలము మిగిలియున్నచో, మనము మూత విప్పుటచే అది చెల్లకపోవచ్చును.

లెన్సును మెల్లగా త్రిప్పుచు గేటువద్ద నిలిచిన మనిషి ముఖము తేటపడునంతవరకు సవరింపుడు. పగలు సరిపడినది రాత్రి చెదరవచ్చును గనుక చీకటి పడిన పిమ్మట మరల చూచి, అప్పుడే బిగింపుడు.

ఇరుకు లెన్సుతో నష్టమును లేకపోలేదు. మా ప్రహరీగోడ మూలలు ఇపుడు కనబడవు. అవియు కావలెనన్న రెండవ కెమేరా అవసరము. కాని ఒక లాభము మేము ఎదురుచూడనిది: పొరుగువారి కిటికీ కూడ మా బొమ్మనుండి తొలగిపోయినది.

కావున లెన్సు కొనుటకు ముందు కొలబద్దతో గేటు దూరమును కొలువుడు. ఎవరి ముఖమును ఎచ్చట చూడవలెనో నిశ్చయించుకొనుడు. పాలు పోయు కుర్రవాడు నేడును ఉదయము మా గేటు తీయుచున్నాడు. ఇపుడు బొమ్మలో అతని ముఖము అతనిదిగానే కనబడుచున్నది.