ముందు వెనక్కి తిప్పి చూడండి

పాత పెళ్ళి ఆల్బం తిరగేస్తుంటే రిసెప్షన్ ఫొటో ఒకటి తప్పకుండా తగులుతుంది. పొద్దున పట్టుపంచెలో, బాసికంతో కళకళలాడిన పెళ్ళికొడుకు సాయంత్రానికి సూటులోకి దూరి, అలవాటు లేని కాలర్ మెడ పట్టేస్తుంటే నవ్వలేక నవ్వుతూ సింహాసనం లాంటి కుర్చీలో కూర్చుని ఉంటాడు. టై మీద అడ్డంగా ఒక సన్నని మెరుపుగీత. దాని నడుమ ఒక తెల్లచుక్క. ఆ చుక్క ముత్యమో, గాజుపూసో, ప్లాస్టిక్కో ఫొటో చెప్పదు.

ఆ క్లిప్పు చాలా ఇళ్ళలో ఇంకా ఉంటుంది. బీరువా సొరుగులో, ఆగిపోయిన చేతిగడియారాల పక్కన, జత తప్పిన కఫ్ లింకుతో కలిసి పడి ఉంటుంది. దొరకగానే అందరూ ముత్యం వంకే చూస్తారు. ముత్యం ఎంత అందంగా ఉన్నా తన వయసు చెప్పదు, ఊరు చెప్పదు. క్లిప్పును బోర్లా తిప్పితే ఆ రెండూ కొంతవరకు తెలుస్తాయి. అందుకే ఈ వస్తువును వీపు వైపు నుంచి పరిచయం చేస్తాను.

వీపు మీద మొదట కనపడేది పట్టు. అంటే బట్టను పట్టుకునే ఏర్పాటు. మగవాళ్ళ మెడగుడ్డకు పెట్టే నగల్లో అన్నిటికన్నా పాతది టై పిన్ను. రెండున్నర, మూడు అంగుళాల సూది, దాని తల మీద ఒక ముత్యం. పంతొమ్మిదో శతాబ్దం మొదట్లో ఇంగ్లండులో మగవాళ్ళు ఇప్పటి టై కట్టేవారు కాదు. క్రవాట్ అనే దళసరి పట్టుగుడ్డను మెడకు చుట్టుకునేవారు. ఆ మడతల్లో సూది గుచ్చితే నిలబడేది. సూది నడుమ మెలితిప్పినట్టు చిన్న గాడి కనపడితే అది పిన్ను జారకుండా చేసిన ఏర్పాటు. చేత్తో తడిమి చూస్తే వేలికి తెలుస్తుంది.

తర్వాత క్రవాట్ పోయి, ఇప్పుడు మనకు తెలిసిన పొడుగు టై వచ్చింది. న్యూయార్క్‌లో టైలు కుట్టించే జెస్సీ లాంగ్స్‌డార్ఫ్ 1920ల్లో ఒక పేటెంటు తీసుకున్నాడు. గుడ్డను నిలువుగా కాక ఏటవాలుగా కత్తిరించి, మూడు ముక్కలుగా కలిపి కుట్టే పద్ధతి అది. ఇలా కుట్టిన టై ముడి విప్పగానే మళ్ళీ తిన్నగా జారుతుంది, మెలిపడదు. నేటికీ టైలు ఆ పద్ధతిలోనే కుడుతున్నారు. పల్చని పట్టుకు రోజూ సూది గుచ్చితే చిల్లులు పడతాయి. గుచ్చకుండా పట్టుకునేది కావాల్సి వచ్చి క్లిప్పు రంగంలోకి దిగింది.

క్లిప్పుల్లో రెండు రకాలు. ఒకటి పక్కనుంచి లోపలికి తోసేది, కాగితాలకు పెట్టే క్లిప్పు లాంటిది. రెండోది స్ప్రింగు ఉండి, ఆరేసిన బట్టలకు పెట్టే క్లిప్పులా నోరు తెరిచేది. ఇవి కాక టై ట్యాక్ అని మరొకటి ఉంది. పొట్టి సూది టైలోంచి దూరుతుంది, వెనక సీతాకోకచిలుక రెక్కల్లాంటి బిళ్ళ దాన్ని పట్టుకుంటుంది, ఆ బిళ్ళ నుంచి వేలాడే చిన్న గొలుసు చివరి పుల్లను చొక్కా కాజాలో దూర్చాలి. గొలుసు ఎందుకో తెలియక తెంపేసిన ఇళ్ళు ఎన్నో. 1950, 60ల్లో ఒంటిముత్యానికి ఈ ట్యాక్‌ను మించిన పీట లేదనే చెప్పాలి.

ఇంతకీ దీని పని టైని చొక్కాకు కట్టిపడేయడం. టై రెండు పొరలనూ, వాటి వెనక చొక్కా గుండీల పట్టీనీ కలిపి పట్టుకుంటేనే ఆ పని జరుగుతుంది. మన రిసెప్షన్ ఫొటోల్లో సగం మంది టైకి మాత్రమే పెట్టి ఊరుకున్నారు. అలా పెడితే వంగినప్పుడు టైతో పాటు క్లిప్పు కూడా పప్పులో పడుతుంది. చోటు మూడో గుండీకీ నాలుగో గుండీకీ మధ్య. పొడవు టై వెడల్పుకు మించకూడదు. ఈ చివరి నియమం పాతవస్తువు వయసు కట్టడానికీ పనికొస్తుంది. 1940ల టైలు వెడల్పు, వాటి క్లిప్పులూ పొడుగు. 1960ల మొదట్లో టైలు సన్నబడ్డాయి, క్లిప్పులు అంగుళం, అంగుళంన్నరకు కుదించుకుపోయాయి. క్లిప్పుకు బాగా గిరాకీ ఉన్న రోజులవి. 1960 అమెరికా అధ్యక్ష ఎన్నికల్లో కెన్నెడీ తన యుద్ధకాలపు పడవ పీటీ 109 ఆకారంలో టై క్లిప్పులు చేయించి పంచిపెట్టాడు.

ఇక ముద్రలు. భూతద్దం తీసుకోండి, లేదా ఫోన్ కెమెరాలో పెద్దది చేసి చూడండి.

ముత్యపుచిప్ప ఆకారంలో గీత, దాని లోపల ఎమ్ అనే ఇంగ్లిషు అక్షరం ఉంటే అది జపాన్‌లోని మికిమోటో సంస్థది. పక్కన స్టెర్లింగ్ అనో సిల్వర్ అనో ఉంటుంది. స్టెర్లింగ్ అంటే వెయ్యిలో 925 పాళ్ళు వెండి. జపాన్ బంగారానికైతే కె అక్షరం ముందు, అంకె తర్వాత వేసే అలవాటు ఉంది: కె14, కె18. ఇంగ్లండు వెండి మీద నడుస్తున్న సింహం ఉంటుంది. పాత ఇంగ్లిషు పిన్ను మీద 15, 625 అంకెలు కనపడితే అది 1932కు ముందుది, ఎందుకంటే ఆ ఏడాదితో అక్కడ 15 క్యారెట్ల బంగారాన్ని రద్దు చేశారు. ఆక్యుపైడ్ జపాన్ అని ఉంటే ఇంకా సులువు. రెండో ప్రపంచయుద్ధంలో ఓడిన జపాన్ మిత్రరాజ్యాల సైన్యం ఏలుబడిలో ఉండగా ఎగుమతి అయిన సరుకది. ఆ ఏలుబడి 1952 ఏప్రిల్‌తో ముగిసింది.

అమెరికా క్లిప్పుల మీద తరచు కనపడే ముద్ర మరొకటి ఉంది: ఇరవయ్యో వంతు, 12 క్యారెట్లు, జి.ఎఫ్. అంటే లోపల ఇత్తడి, పైన 12 క్యారెట్ల బంగారపు రేకు, మొత్తం బరువులో ఆ రేకు ఇరవయ్యో వంతు. వేడితో, ఒత్తిడితో రేకును ఇత్తడికి అంటించి చేస్తారు. రోల్డ్‌గోల్డ్ అనే మాట పుట్టింది ఈ పనిలోంచే. మచిలీపట్నం పక్క చిలకలపూడి నగల పుణ్యమా అని ఆ మాట మనకు ఇంటిమాట అయిపోయింది, పైగా నకిలీకి పర్యాయపదమైంది. అసలు అర్థంలో అది అంత తీసిపారేయాల్సింది కాదు. నీటిపూతకంటే ఎంతో మందంగా, ఎన్నో ఏళ్ళు నిలిచే బంగారం అది. మసాచుసెట్స్‌లోని ఆటిల్‌బరో, దాని పొరుగునే ఉన్న ప్రావిడెన్స్ ఈ సరుక్కి పుట్టిళ్ళు. స్వాంక్, యాన్సన్ లాంటి పేర్లు అక్కడివే. వాటి మీది తెల్లపూస చాలాసార్లు ముత్యం కాదు.

ఏ ముద్రా లేకపోతే? మన దేశంలో బంగారానికి బీఐఎస్ హాల్‌మార్క్ 2000లో మొదలైంది. అంతకుముందు ఊళ్ళో కంసాలి చేసిన క్లిప్పు మీద ఏమీ లేకపోవడం వింత కాదు. గీటురాయే దిక్కు.

ఇప్పుడు ముత్యం దగ్గరికి వద్దాం. ఇంత చిన్న ఉద్యోగపు నగ మీదికి ముత్యం ఎలా దిగివచ్చిందన్నది నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన భాగం. 1917లో న్యూయార్క్‌లో కార్టియే సంస్థ ఒక ధనికుడి భవంతిని ఐదో అవెన్యూ మీద కొన్నది. ఇచ్చిన వెల వంద డాలర్లు, ఒక రెండు పేటల ముత్యాలహారం. ఆ హారం ఖరీదు పది లక్షల డాలర్లని కట్టారు. ముత్యమంటే అప్పుడు సముద్రం తన ఇష్టం వచ్చినప్పుడు ఇచ్చేది, గాలించేవాడి ఊపిరితో బయటికి వచ్చేది. అదే హారం 1957లో వేలానికి వస్తే ఇంచుమించు లక్షన్నర డాలర్లు పలికింది.

ఈ నలభై ఏళ్ళ మధ్య జరిగిన పెద్ద సంగతి మికిమోటో కోకిచి. జపాన్‌లో తోబా అనే రేవూరిలో లావుపాటి సేమ్యాల లాంటి ఉడాన్ వంటకం అమ్ముకునే ఇంట్లో 1858లో పుట్టాడు. ముత్యపుచిప్పలోకి ఏదైనా బయటి పదార్థం చేరితే చిప్ప దాని చుట్టూ మెరిసే పొరలు పోస్తుంది కదా, ఆ పదార్థాన్ని మనమే పెడితే? సముద్రం ఎర్రబడే రెడ్ టైడ్ వచ్చి చిప్పలన్నీ చచ్చిపోయిన నష్టాలు చూసి, 1893 జులైలో ఒక చిప్ప తెరిస్తే ముత్యం దొరికింది. అయితే అది అర్ధగోళం, చిప్పకు అంటుకుపోయింది. గుండ్రని ముత్యానికి ఇంకో పదేళ్ళకు పైగా పట్టింది. అందులో మిసె, నిషికావా అనే మరో ఇద్దరు జపనీయుల పాత్ర చాలా ఉంది, పేరు మాత్రం మికిమోటోకే దక్కింది. పద్ధతి ఇది: అకోయా అనే రకం ముత్యపుచిప్ప లోపలి చర్మపు ముక్కను, అమెరికాలోని మిసిసిపీ నది ఆల్చిప్ప నుంచి చెక్కిన గుండ్రని పూసను కలిపి మరో చిప్పలో పెడతారు. సముద్రంలో వేలాడదీస్తారు. చర్మపు ముక్క పూస చుట్టూ సంచిలా పెరిగి దాని మీద పొరలు పోస్తుంది.

1921లో ఈ గుండ్రని ముత్యాల మీద లండన్ అంగట్లో గగ్గోలు పుట్టింది. ఇవి నకిలీవన్నారు. శాస్త్రజ్ఞులు కోసి చూస్తే పైపొర అచ్చం ముత్యమే. తర్వాత 1929 ఆర్థికమాంద్యం కూడా తోడై సహజముత్యం వెల కూలిపోయింది. బహ్రెయిన్, కువైట్ తీరాల్లో ముత్యాల వేట మీద బతికిన ఊళ్ళు దెబ్బతిన్నాయి. బస్రా ముత్యాలని మనం పిలుచుకునేవి అక్కడివే. బొంబాయి మీదుగా హైదరాబాదుకు వచ్చి, సముద్రం లేని ఆ ఊరికి ముత్యాలనగరమనే పేరు తెచ్చినవీ అవే. ఇప్పుడు అక్కడి పత్తర్‌గట్టీ అంగళ్ళలో దొరికేవి ఎక్కువగా చైనా మంచినీటి ముత్యాలు.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత జపాన్‌లో ఉన్న అమెరికా సైనికులు ఇంటికి వెళ్ళేటప్పుడు భార్యకు హారం, తనకు క్లిప్పు కొనుక్కున్నారు. గుమస్తా కూడా గుండెల మీద ముత్యం పెట్టుకోగలిగిన రోజులు అలా వచ్చాయి.

మీ క్లిప్పు మీది ముత్యం అసలుదా అని తేల్చడానికి పంటికి రుద్ది చూడమంటారు. ముత్యం సన్నని ఇసుకలా గరగరమంటుంది, గాజు జారుతుంది. పరీక్ష మంచిదే, మెల్లగా చెయ్యండి. హారంలోనైతే చిల్లు అంచున పూత పెచ్చులు లేచిందో లేదో చూస్తాం. క్లిప్పు ముత్యానికి చిల్లు సగం దాకానే ఉంటుంది, చిన్న మేకు మీద కూర్చోబెట్టి జిగురు పెడతారు. కనుక ముత్యం కింది లోహపు గిన్నె అంచును చూడాలి. అక్కడ పూత ఊడుతుంటే అది చేపపొలుసుల సారం పూసిన గాజు. ఈ పూత పని పదిహేడో శతాబ్దం నుంచీ పారిస్‌లో ఉంది. తర్వాత దీపం కింద మెల్లగా తిప్పండి. లోపలి పూస చారలు వెలుగూ నీడలుగా మిణుకుమంటే అది చిప్పలో పూస పెట్టి పెంచిన సాగుముత్యమే గాని పొర పల్చన. సహజముత్యమా, సాగుముత్యమా అన్నది మాత్రం ఎక్స్‌రే తేల్చాల్సిందే. చూపుతో చెప్పేస్తామనే వర్తకుణ్ణి నేను నమ్మను.

ముత్యం ఆడవాళ్ళ నగ కదా అని కొందరు మొహమాటపడతారు. 1649లో తల తీయించుకోవడానికి వెళ్ళిన ఇంగ్లండు రాజు మొదటి చార్లెస్ చెవికి ముత్యం ఉంది. మన వైపు రాజుల కలికితురాయిలు ముత్యాలతో బరువెక్కి ఉండేవి. 1995లో కేంద్రప్రభుత్వం 218 కోట్లకు కొన్న నిజాం నగల్లో బస్రాముత్యాల హారాలతో పాటు గుండీలు, కఫ్ లింకులు కూడా ఉన్నాయి. మన జమీందార్లు పట్టుజుబ్బాకు గొలుసు వేసిన బంగారు గుండీలు పెట్టుకోలేదా? చంద్రుడి కోసమని వెండిలో ముత్యం పొదిగిన ఉంగరాన్ని చిటికెనవేలికి పెట్టుకునే మగవాళ్ళు ఇవాళ్టికీ ఎందరు లేరు? 2020లో మికిమోటో వాళ్ళు కొమ్ దే గార్సోన్ అనే ఫ్యాషన్ సంస్థతో కలిసి మగవాళ్ళకు ముత్యాలహారాలు పెడితే పాశ్చాత్య పత్రికలు విప్లవమన్నాయి. చదివి నవ్వుకున్నాను.

ఇక జాగ్రత్త. ఇక్కడే మంచి క్లిప్పులు ఎక్కువగా పాడవుతాయి. వెండి నల్లబడుతుంది, ముత్యం నల్లబడదు. వెండిని మెరిపించబోయి ముత్యాన్ని చంపుతారు. ముత్యం అంటే సున్నపు పదార్థం. పులుపు ఏదైనా దాన్ని తింటుంది. చింతపండు, నిమ్మచెక్క, వెండి మెరుపుకని అమ్మే ద్రవం ఏదీ దగ్గరికి రానివ్వకూడదు. మనం పూజసామాను తోమే విభూది, పళ్ళపొడి ముత్యం మీద గీతలు పెడతాయి. మెత్తని గుడ్డతో వెండి భాగాన్ని మాత్రం తుడవండి. ముత్యాన్ని తడిగుడ్డతో ఒత్తి, నీడన ఆరనివ్వండి. సెంటు చల్లుకున్నాక ఆరేదాకా ఆగి అప్పుడు పెట్టుకోండి. రబ్బరుబ్యాండు చుట్టి దాచకండి, రబ్బరులోని గంధకం వెండిని నల్లబరుస్తుంది. మరీ పొడిగా ఉండే లాకర్లో ఏళ్ళ తరబడి ఉంచినా ముత్యానికి బీటలు రావచ్చు.

స్ప్రింగు వదులైతే, పట్టు విరిగితే కంసాలి దగ్గరికి తీసుకువెళ్తారు కదా. టంకం మంటకు ముత్యం గోధుమరంగు తిరిగి పగులుతుంది. కనుక మంట పెట్టేముందు ముత్యాన్ని మేకు మీంచి తీసేయమని చెప్పండి. పాత జిగురు కొన్నిసార్లు కాస్త వెచ్చటి నీళ్ళకే వదిలేస్తుంది. తీసిన ముత్యాన్ని మీ చేతికే ఇమ్మనండి, పని అయ్యేదాకా అది మీ జేబులో ఉంటుంది.