సెంట్రల్ పార్క్: రూపకల్పన – నిర్వాసితుల చరిత్ర

ఉపోద్ఘాతం:

న్యూయార్క్ నగరంలోని సెంట్రల్ పార్క్ 843 ఎకరాల ఉద్యానవనం. చూపరులకు అది నగరం నడుమ మిగిలిపోయిన సహజసిద్ధమైన ప్రకృతిలా తోస్తుంది. నిజానికి అక్కడి చెరువులు, పచ్చికబయళ్లు, వంపుల దారులు మానవ నిర్మితాలే. అందరికోసం ఉద్దేశించిన ఆ వనం కొందరి ఇళ్లను తొలగించి వెలసింది. ఈ రెండు అంశాలను కలిపి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

స్థల సేకరణ – సెనెకా విలేజ్:

19వ శతాబ్దం తొలి అర్ధభాగంలో న్యూయార్క్ జనాభా వేగంగా పెరిగింది. విశాలమైన ఉద్యానవనం కావాలన్న వాదం బలపడగా, 1853లో రాష్ట్ర శాసనసభ భూసేకరణకు అనుమతించింది. అప్పటికే ఆ ప్రదేశంలో సుమారు 1,600 మంది నివసిస్తున్నారు. వారి ఆవాసాలలో సెనెకా విలేజ్ ముఖ్యమైనది. 1825 నుండి ఆఫ్రికన్ అమెరికన్లు స్థలాలు కొనుక్కొని ఏర్పరచుకున్న ఊరది. 1855 నాటికి అక్కడ సుమారు 225 మంది జనం, మూడు చర్చిలు, ఒక బడి ఉండేవి. నల్లజాతి పురుషులు ఓటు వేయాలంటే 250 డాలర్ల విలువైన స్థిరాస్తి ఉండాలన్న నిబంధన ఆ కాలంలో అమలులో ఉండేది. అందువల్ల వారికి భూమి పోవడమంటే ఓటుహక్కుకు ఆధారం పోవడమే. యజమానులకు పరిహారం లభించినా, అది చాలదని పలువురు వాదించారు. 1857లో ఊరు ఖాళీ అయింది.

రూపకల్పన:

1858లో జరిగిన పోటీలో ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్, కాల్వర్ట్ వాక్స్ రూపొందించిన 'గ్రీన్‌స్వార్డ్' ప్రణాళిక ఎంపికైంది. తూర్పు పడమరల నడుమ సాగే నగర రాకపోకలు పార్కు గుండా పోక తప్పదు. అందుకై వారు నాలుగు అడ్డరోడ్లను నేలమట్టానికి దిగువన నడిపించారు. బండ్ల రద్దీ కంటబడకుండా, సందర్శకులు వంతెనల మీదుగా సాగిపోయే వీలు దీనివల్ల కలిగింది. పాదచారులకు, గుర్రపు స్వారీకి, బగ్గీలకు వేర్వేరు దారులు ఏర్పరచి, అవి కలిసే చోట్ల వంతెనలు కట్టారు. చిత్తడి నేలల నీటిని మళ్లించి చెరువులు తవ్వారు. రాతిగుట్టలను మందుగుండుతో పేల్చి, కొన్నింటిని మాత్రం దృశ్యశోభకై నిలిపారు. 1858లోనే కొంత భాగం ప్రజలకు అందుబాటులోకి రాగా, నిర్మాణం 1876లో ముగిసింది.

ముగింపు:

2011లో జరిగిన పురావస్తు తవ్వకాలలో సెనెకా విలేజ్ ఇంటి రాతి పునాదులు, ఇనుప టీ కెటిల్, పాదరక్ష వంటివి బయటపడ్డాయి. ఖాళీ బీడుపై పార్కు వెలసిందన్న పాత అభిప్రాయాన్ని ఈ గృహోపకరణాలు తిరస్కరిస్తున్నాయి. రోడ్లను కంటికి కనబడకుండా దాచిన నైపుణ్యం రూపకల్పనకు కీర్తి తెచ్చింది. ఒక ఊరు జ్ఞాపకం కూడా ఆ పచ్చిక కిందనే దాగి ఉండడం గమనార్హం. ప్రజా ఉద్యానవనాల అధ్యయనం దృశ్యసౌందర్యంతో పాటు భూమి చరిత్రను కూడా పరిగణించినప్పుడే సమగ్రమవుతుంది.