సాచెట్ మీది అంకె, డిశ్చార్జి సమ్మరీలోని అంకె

పేగు ఆపరేషన్ అయి ఇంటికొచ్చిన మనిషి చేతికి రెండు వస్తువులు వస్తాయి. ఒకటి డిశ్చార్జి సమ్మరీ. ఎన్ని సెంటీమీటర్ల పేగు తీశారో అందులో ఉంటుంది. రెండోది మందుల షాపు నుంచి తెచ్చిన ప్రొబయాటిక్ సాచెట్. దాని మీద 500 కోట్ల మంచి బ్యాక్టీరియా అని ఉందనుకుందాం. ఇంటిల్లిపాదీ చూసేది ఆ రెండో అంకెనే.

మన ఒంట్లో బ్యాక్టీరియా సుమారు 38 లక్షల కోట్లని ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు 2016లో అంచనా కట్టారు. అన్నీ కలిపి తూచినా 200 గ్రాములే. ఆ లెక్కన సాచెట్‌లో ఉన్నది దాదాపు 7,600వ వంతు.

ఎక్కడ ఎన్ని?

చిన్నపేగు మొదట్లో మిల్లీలీటరుకు వేలల్లోనే ఉంటాయి. కడుపులోని ఆమ్లం, పిత్తరసం, ఆహారం కదిలే వేగం వాటిని నిలవనివ్వవు. చిన్నపేగు చివరికొచ్చేసరికి కోట్లవుతాయి. పెద్దపేగులో గ్రాముకు దాదాపు 10 వేల కోట్లు. అక్కడ అంతా నిదానం, ఆక్సిజన్ దాదాపు ఉండదు. గాలి తగిలితే బతకని జాతులే అక్కడ ఎక్కువ. చిన్నపేగూ పెద్దపేగూ కలిసేచోట ఒక కవాటం ఉంటుంది. అది తీసేస్తే కింది బ్యాక్టీరియా పైకి ఎగబాకడానికి దారి దొరుకుతుంది.

గాలి తగిలితే?

చిన్నపేగు చివరను పొట్టమీదికి తెచ్చి, బయట సంచి తగిలించే ఆపరేషన్ ఇలియోస్టమీ. పేగు మార్పిడితో పాటు ఇలియోస్టమీ కూడా జరిగిన 17 మందిని పరిశీలించిన అమెరికా పరిశోధకులు 2009లో ఒక విషయం బయటపెట్టారు. పొట్టమీది ఆ రంధ్రం తెరిచి ఉన్నన్నాళ్లు గాలిని తట్టుకునే లాక్టోబాసిల్లై, ఎంటరోబాక్టీరియా పెత్తనం చేశాయి. రంధ్రం మూసేశాక గాలి గిట్టని జాతులు తిరిగొచ్చాయి. పేగు పరిస్థితే అక్కడ ఎవరుండాలో తేల్చింది.

ప్రొబయాటిక్ గెలిచిన చోట

అల్సరేటివ్ కొలైటిస్ ముదిరితే పెద్దపేగు తీసేసి, చిన్నపేగు చివరతో లోపలే ఒక సంచి కుడతారు. కొందరికి ఆ సంచి మాటిమాటికీ వాస్తుంది. యాంటీబయాటిక్స్‌తో వాపు తగ్గిన 40 మందిపై ఇటలీ వైద్యులు జరిపిన ప్రయోగం 2000లో వెలువడింది. సగం మందికి ఎనిమిది రకాల బ్యాక్టీరియా కలిపి రోజుకు 1.8 లక్షల కోట్ల చొప్పున ఇచ్చారు. అంటే మన సాచెట్లు 360. తొమ్మిది నెలల్లో ఆ 20 మందిలో ముగ్గురికే వాపు తిరగబెట్టింది. ఉత్త పొడి తీసుకున్న 20 మందికీ తిరగబెట్టింది. అయితే మందు ఆపాక మిగతా 17 మందికీ నాలుగు నెలల్లోపే సమస్య మళ్లీ వచ్చింది. ఆ బ్యాక్టీరియా లోపల స్థిరపడలేదు, రోజూ పంపినన్నాళ్లే పనిచేసింది.

నష్టం చేసిన చోట

2018లో వైజ్‌మన్ బృందం 21 మంది ఆరోగ్యవంతులకు యాంటీబయాటిక్స్ ఇచ్చింది. ఆ తర్వాత ఏమీ తీసుకోనివారి బ్యాక్టీరియా దాదాపు మూడు వారాల్లో కోలుకుంది. ప్రొబయాటిక్ తీసుకున్నవారిలో ఐదు నెలలైనా పూర్తిగా కోలుకోలేదు.

ఇంతకంటే గట్టి హెచ్చరిక నెదర్లాండ్స్ నుంచి 2008లో వచ్చింది. క్లోమం తీవ్రంగా వాచిన రోగుల పేగులోకి గొట్టం ద్వారా ప్రొబయాటిక్ పంపారు. ఆ 152 మందిలో 24 మంది చనిపోయారు. ఇవ్వని 144 మందిలో తొమ్మిది మంది. పేగుకు రక్తం అందక దెబ్బతిన్న తొమ్మిది మందీ ప్రొబయాటిక్ తీసుకున్నవారే.

చిన్నపేగు 200 సెంటీమీటర్ల కంటే తక్కువ మిగిలితే ఇంకో చిక్కుంది. అరగని పిండిపదార్థాన్ని కొన్ని లాక్టోబాసిల్లై పులియబెట్టి డి-లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తాయి. అది రక్తంలో పేరుకుంటే మాట ముద్దగా వస్తుంది, అడుగు తడబడుతుంది. తాగని మనిషి తాగినట్టు కనిపిస్తాడు.

అడగాల్సినవి

సాచెట్ చించేముందు సర్జన్‌ను నాలుగు ప్రశ్నలడగండి. ఎన్ని సెంటీమీటర్ల పేగు మిగిలింది? కవాటం ఉందా, తీసేశారా? మెడ దగ్గర పెద్ద రక్తనాళంలోకి వేసిన గొట్టం (సెంట్రల్ లైన్) ఉంటే ఇది వాడొచ్చా? ఏ రకం బ్యాక్టీరియా, ఎన్నాళ్లు? మొదటి రెండింటికి జవాబు డిశ్చార్జి సమ్మరీలో ఉందేమో ముందు చూడండి. ఆ కాగితం పారేయకండి. ఎప్పుడు ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, పేగు మందేదైనా రాసేముందు దాన్ని తీసి చూపించండి.