బాండ్ పట్టుకున్న సీసా!

తాగుడు సీనంటే మనకు వెంటనే గుర్తొచ్చేది 'దేవదాసు'. 1953లో వచ్చిన ఆ చిత్రంలో అక్కినేని మత్తుకళ్ల రహస్యం సీసా కాదు, పెరుగన్నం! రాత్రి కడుపునిండా పెరుగన్నం తిని, ఆ నిద్రమత్తుతోనే కెమెరా ముందుకొచ్చేవాణ్ణని ఆయనే చెప్పుకున్నారు. ఇంగ్లీషు సినిమాలో మాత్రం ఒక సీసా పేరే హీరో ప్రాణం కాపాడింది.

1971లో విడుదలైన 'డైమండ్స్ ఆర్ ఫరెవర్' క్లైమాక్స్ చూశారా? ఓడలో ఉన్న జేమ్స్ బాండ్‌కి ఇద్దరు హంతకులు వెయిటర్ల వేషంలో భోజనం తెస్తారు. కేకులో బాంబు! సెంటు వాసన మీద అప్పటికే అనుమానపడ్డ షాన్ కానరీ, వైన్ చప్పరించి, ఇంత మంచి భోజనానికి క్లారెట్ ఇస్తారనుకున్నానే అని ఎర వేస్తాడు. మా దగ్గర క్లారెట్లు పెద్దగా లేవండి అంటాడు దొంగ వెయిటరు. దొరికిపోయాడు! వాడు పోసిన మూతోన్ రోత్‌షీల్డే క్లారెట్. ఫ్రాన్సులోని బోర్డో ప్రాంతపు ఎర్ర వైన్‌కి ఇంగ్లీషువాళ్లు పెట్టుకున్న పేరు అది.

చీపురుపల్లి తోపుల్లో పొద్దున్న దింపిన తాటికల్లు సాయంత్రానికి పుల్లబడిపోతుంది. మూతోన్ సంగతి పూర్తిగా తలకిందులు. పోయాక్ అనే ఊళ్లో గులకరాళ్ల నేలమీద పండే కాబెర్నే సావిన్యోన్ ద్రాక్ష దానికి ప్రాణం. రసంతోబాటు తొక్కల్నీ పులియనిస్తారు. ఎరుపూ, వగరూ దిగేది తొక్కల్లోంచే. ఆపైన ఏడాదిన్నర దాకా ఓక్ కర్ర పీపాల్లో నిద్ర. మంచి పంటయితే సీసాలో దశాబ్దాలు నిలుస్తుంది. బాండ్ తాగింది 1955 నాటిది!

ఈ కథకు అసలు హీరో ఫిలిప్ ద రోత్‌షీల్డ్. 1922లో, ఇరవయ్యేళ్లకే తోట చేతికొచ్చింది. కారు రేసుల్లో పాల్గొన్నాడు. 1934లో 'లాక్ ఓ డామ్' అనే చిత్రం కూడా నిర్మించాడు. మన బాపతేనన్నమాట! అంతకుముందు వైన్‌ని పీపాలతో కొని సీసాల్లో నింపేది వర్తకులే. మధ్యలో ఏం కలుస్తుందో ఎవరికి తెలుసు? 1924 నుంచి మొత్తం పంటను తోటలోనే సీసాలకెత్తించాడు.

కానీ మనసులో ముల్లు ఒకటుంది. 1855లో పారిస్ ప్రదర్శనకోసం బోర్డో వైన్లకు తరగతులు కట్టినప్పుడు ఎర్ర వైన్లలో మొదటి తరగతి నాలుగింటికే దక్కింది. మూతోన్‌కి రెండోది. ఆ నలుగురిలో ఒకటి పక్కతోట లాఫీత్. 1868 నుంచీ అది దాయాదుల సొత్తు! ఇక నిద్ర పడుతుందా?

ఈలోగా యుద్ధం. యూదుడైన ఫిలిప్ దేశం దాటి డిగోల్ సేనలో చేరాడు. భార్య ఎలిజబెత్‌ని నాజీలు పట్టుకుపోయారు. 1945లో రావెన్స్‌బ్రూక్ శిబిరంలో ఆమె చనిపోయింది. ఆ ఏటి సీసాల మీద విజయానికి గుర్తుగా 'వి' అక్షరం వేయించాడు. ఆ లేబుల్ చూస్తే నాకు విజయం కంటే ముందు ఆవిడే గుర్తొస్తుంది.

అప్పటినుంచి ఏటా ఒక కళాకారుడి బొమ్మ. పారితోషికం పైకం కాదు, వైన్ పెట్టెలే! 1982 బొమ్మ హాలీవుడ్ దర్శకుడు జాన్ హ్యూస్టన్ వేసింది. 2009ది మన బొంబాయిలో పుట్టిన అనీష్ కపూర్‌ది.

చివరికి 1973లో వ్యవసాయమంత్రి జాక్ షిరాక్ సంతకంతో మూతోన్ మొదటి తరగతికెక్కింది. ఆ ఏటి లేబుల్ మీద పికాసో బొమ్మ. అంటే బాండ్ అంత గొప్పగా చెప్పేనాటికి అది రెండో తరగతి సరుకే సుమా!

ఫిలిప్ 1988లో పోయాడు. కూతురు ఫిలిప్పీన్ రంగస్థల నటి. ఫిలిప్పీన్ పాస్కల్ పేరుతో ప్రసిద్ధ నాటకసంస్థ కామెడీ ఫ్రాన్సేజ్‌లో వేషాలు వేసింది. తల్లిని తీసుకుపోయినప్పుడు ఆ పిల్లకు పదేళ్లు. తండ్రి పోగానే మేకప్ తుడుచుకుని తోటకొచ్చేసింది. 2014లో కన్నుమూసేదాకా, ఏ ఏటి సీసాకు ఎవరి బొమ్మ అన్నది ఆవిడే చూసుకునేది.