బాయిలర్‌లో కట్టె ఎప్పుడెయ్యాలి?

హైదరాబాద్ చలికి గదిలో పొయ్యి అక్కర్లేదు గానీ, జనవరి పొద్దున స్నానానికి వేడినీళ్లు లేకపోతే మాత్రం గడవదు. గీజర్లు రాకముందు దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీనగర్ వైపు పాత ఇళ్ల పెరళ్లలో ఆ పని కట్టెల బాయిలర్‌దే. రాగి పీపా, నడుమ నిలువు గొట్టం, గొట్టం చుట్టూ నీళ్లు, అడుగున బూడిద రాలే ఇనుప జాలీ. పక్కనున్న గరాటులో చెంబెడు చన్నీళ్లు పోస్తే అవి అడుక్కి దిగి, పైన కాగిన నీళ్లను చెంబెడు బయటికి నెడతాయి. ఇంత చక్కటి ఏర్పాటు చేసిన పనివాళ్ల పేర్లు ఎక్కడా రాసి లేవు.

దీనికి స్విచ్ లేదు. నీళ్లు ఒకే తీరుగా కాగాలంటే కట్టె ఎగేసే వేళ తెలియాలి. కట్టెలో ముందు తడి ఆవిరవుతుంది. రెండు మూడు వందల డిగ్రీల దగ్గర కలప విచ్చిపోయి వాయువులు పుడతాయి. మనం చూసే పసుప్పచ్చ మంట ఆ వాయువులదే. ఎండు కట్టె బరువులో ముప్పాతిక వంతు దాకా ఇలా పోగా, మిగిలిన బొగ్గు నిదానంగా కణకణలాడుతుంది. మంట ఇంకా ఎగస్తుండగానే కట్టె వేస్తే వాయువులు గాలి చాలక పొగై పోతాయి, వేడి గొట్టం పాలు. నిప్పులు నివురుగప్పాక వేస్తే కొత్త కట్టె ఉట్టినే పొగలు చిమ్ముతుంది. మంట తగ్గి, నిప్పులు ఎర్రగా ఉన్నప్పుడే వెయ్యాలి, అదీ సన్న చీలికలు. వంద లీటర్ల నీళ్లను పాతిక డిగ్రీలు పెంచడానికి, సగం వేడి వృథా అయినా, కేజిన్నర ఎండు తుమ్మ సరిపోతుంది. పచ్చి కట్టెతో ఆ లెక్క తప్పుతుంది.

పొగ మీద పోరు ఈ నగరంలోనే గట్టిగా సాగింది. హైదరాబాద్ ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీస్‌లో ఎస్.పి.రాజు, ఒకే మంట మీద వరసగా గిన్నెలు కాగేలా, చివర పొగగొట్టంతో మట్టి పొయ్యి రూపొందించారు. 1953లో దాని మీద పుస్తకమూ వేశారు. ఆడవాళ్ల కళ్లనూ ఊపిరితిత్తులనూ ఇంజనీర్లు పట్టించుకున్న తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. 1983లో కేంద్రం మెరుగైన పొయ్యిల పథకం పెట్టేనాటికి మూడు దశాబ్దాలు గడిచాయి.

అయితే పొగ లేదని ధీమా పడకూడదు. నిప్పుల మీద నీలి మంట ఆడుతుంటే అది కార్బన్ మోనాక్సైడ్ కాలుతున్న గుర్తు. కాలకుండా మిగిలితే దానికి రంగూ వాసనా ఉండవు, ప్రాణం తీస్తుంది. అందుకే బాయిలర్ స్థానం పెరడే. చలి ఎంతున్నా దాన్ని గానీ నిప్పుల కుంపటిని గానీ తలుపులేసిన స్నానాల గదిలోకి తేకండి.